ఉప్పుటేరు గట్టున మెరీనా: పంచాయతీ తీర్మానం సరిపోతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో ఒక పాలెం. ఉప్పుటేరు గట్టున అన్నదమ్ములిద్దరికీ కలిపి రెండున్నర ఎకరాలుంది. చెన్నై నుంచి వచ్చిన ఒకాయన అక్కడ మెరీనా కడతానన్నాడు. షికారు బోట్లకు నీళ్ల మీద తేలే జెట్టీ, డీజిల్ ట్యాంకు, రెస్టారెంటు, పది గదులు. 15 ఏళ్ల లీజని స్టాంపు పేపరు మీద సంతకాలు చేయించుకుని రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చాడు. పంచాయతీ తీర్మానం ఉంది, ఇంకే అనుమతీ అక్కర్లేదంటున్నాడు. పోయిన వారం పొక్లెయిన్ దించి గట్టు తవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఏటి దారినే వేటకు పోయే మా వాళ్లు మా మీదికొస్తున్నారు. రేపు కేసయితే మా నేల పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు, లాయర్ గారూ?

జవాబు: ముందు పొక్లెయిన్ ఆపించండి. నోటితో చెప్పి ఊరుకోకండి. "అనుమతులు చూపించే దాకా మా నేలలో పని చేయడానికి ఒప్పుకోం" అని అన్నదమ్ములిద్దరూ సంతకం పెట్టి ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒక కాపీ తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్లు మొదట చూసేది అడంగల్, అంటే ఊరి భూముల రికార్డు. చెన్నై ఆయన పేరు అందులో ఉండదు, మీ పేర్లుంటాయి. నోటీసు మీ గుమ్మానికే వస్తుంది.

పంచాయతీ తీర్మానం మాటకు వస్తే, కొచ్చి దగ్గర మరడులో జరిగింది మీరు టీవీలో చూసే ఉంటారు. అక్కడ కట్టడాలకు అనుమతిచ్చింది అప్పటి గ్రామ పంచాయతీయే. అవి తీర ప్రాంత నిబంధనలకు విరుద్ధమని 2019 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను మందు పెట్టి కూల్చేశారు. తీర నియంత్రణ మండలిలో, అంటే సీఆర్‌జెడ్‌లో, పంచాయతీ తీర్మానం గ్రామస్తుల అభిప్రాయం కిందే లెక్క, అనుమతి కిందకు రాదు.

ఇక మీ నేల సంగతి. మీ పట్టా గట్టు దగ్గర, సర్వే రాయి దగ్గర ఆగిపోతుంది. ఏరు, పోటుకు మునిగి పాటుకు తేలే బురద నేల ప్రభుత్వానివి. మీది కాని నీటిని మీరు లీజుకివ్వలేరు, జెట్టీ నిలిచేదేమో ఆ నీటి మీదే. పొక్లెయిన్ హద్దు దాటి తవ్వి ఉంటే 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కూడా మీదికొస్తుంది. మీది డీకేటీ పట్టానో (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి పట్టానో) కాదో మీరు రాయలేదు. డీకేటీ అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం లీజుకివ్వడమే కుదరదు. 20 ఏళ్లు దాటిన వాటి గురించి 2023లో సవరణ వచ్చింది గానీ, మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోకుండా ఆ ధీమాతో ముందుకు పోవద్దు.

సీఆర్‌జెడ్ అంటే సముద్రపు ఒడ్డు ఒక్కటే అనుకుంటారు చాలామంది. పోటు నీరు ఎక్కే ఉప్పుటేళ్లకూ అది వర్తిస్తుంది. వేసవిలో బాగా ఎండిన రోజుల్లో నీటి ఉప్పదనం వెయ్యికి 5 పాళ్లు ఉండే చోటి దాకా పోటు ప్రభావం ఉన్నట్టే లెక్క. 2019 జనవరి 18 నోటిఫికేషన్ ప్రకారం, పోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి నేల వైపు 50 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది సీఆర్‌జెడ్. మీ దగ్గర ఏరు 30 మీటర్ల వెడల్పుంటే గట్టు మీద 30 మీటర్లన్నమాట. 2011 నోటిఫికేషన్‌లో ఈ 50 స్థానంలో 100 ఉండేది. కొత్త నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రణాళిక పటం ఆమోదం పొందే దాకా పాతదే నడుస్తుంది. కాబట్టి మీ ఊరికి ఇప్పుడు అమల్లో ఉన్న పటం ఏదో రాతపూర్వకంగా తెలుసుకోండి. మీ పొలం సముద్రానికి 500 మీటర్ల లోపుంటే సముద్రం వైపు లెక్క కూడా వేయాలి. అక్కడ పల్లెల్లో కట్టడాలు నిషేధించిన మేర సాధారణంగా 200 మీటర్లు. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మంది కన్నా ఎక్కువ ఉన్నచోట మాత్రం కొత్త నోటిఫికేషన్ దాన్ని 50కి తగ్గించింది.

గట్టున మడ చెట్లున్నాయా? ఉంటే కథ మారిపోతుంది. మడ అడవి అత్యంత సున్నితమైన తరగతిలోకి వస్తుంది, వెయ్యి చదరపు మీటర్లు మించితే చుట్టూ మరో 50 మీటర్లు వదలాలి. పొక్లెయిన్ ఇప్పటికే కొన్ని చెట్లు పీకేసి ఉంటే, చదును చేయకముందే తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇంతకీ మెరీనా అసలు కట్టనే కూడదా? కట్టొచ్చు. నీటి ఒడ్డున తప్ప మరోచోట పెట్టలేని జెట్టీ, పడవ దింపే ర్యాంపు లాంటి వాటికి నోటిఫికేషన్ దారి ఉంచింది, ముందస్తు క్లియరెన్సు తీసుకోవాలంతే. గదులకూ రెస్టారెంటుకూ నీటి ఒడ్డు అవసరం లేదు, వాటిని నిషేధిత మేర దాటాకే కట్టాలి. జెట్టీ పేరు చెప్పి గదులు లేపడం, గొడవొస్తే "తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం" అనడం తీరంలో మామూలైపోయింది. మీ చెన్నై ఆయన ప్లానులో జెట్టీ ఎంత, గదులెంత అని చూస్తే ఆయన ఉద్దేశం మీకే తెలిసిపోతుంది.

జెట్టీ నీళ్లలో ఉంటుంది గనుక అర్జీ రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ సంస్థకు పెట్టాలి. అది 60 రోజుల్లో పరిశీలిస్తుంది. ప్రాజెక్టును బట్టి అనుమతి అదే ఇస్తుంది, లేదా దాని సిఫారసు మీద కేంద్ర పర్యావరణ శాఖ ఇస్తుంది. అర్జీకి తోడుగా గుర్తింపు పొందిన సంస్థ 1:4000 స్కేలులో గీసిన పటం ఉండాలి, దాని మీద పోటు గీత, పాటు గీత, కట్టబోయేవి అన్నీ కనిపించాలి. ఆయన్ని ముందుగా ఆ పటమే అడగండి. అది లేదంటే అర్జీ కూడా పెట్టలేదనే అర్థం. ఏటిని లోతు చేయాలన్నా, మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, రాళ్ల కట్ట వేయాలన్నా 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కిందకొచ్చే అవకాశం ఉంది. ఓడరేవులు, హార్బర్లు, అలల అడ్డుకట్టలు, డ్రెడ్జింగ్ అందులో ఒకే పద్దు కింద ఉన్నాయి.

ఆ రాళ్ల కట్ట గురించి మీ పాలెం వాళ్లు భయపడటంలో న్యాయముంది. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. అడ్డుకట్ట పడితే దక్షిణం వైపు మేట వేస్తుంది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. చెన్నై రేవు కట్టాక దక్షిణాన మెరీనా బీచి పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం లోపలికొచ్చింది. మీ మొగకు ఉత్తరాన ఏ పాలెం ఉందో ఆ పాలెం పెద్దలతో ఇప్పుడే మాట్లాడండి.

కట్టాక నడపడానికి వేరే చిట్టా ఉంది. మురుగునీటికి కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కట్టకముందు ఒకసారి, నడపబోయే ముందు మరోసారి తీసుకోవాలి. బోటు ఇంజన్ల నుంచి తీసిన పాత నూనె 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, ఏట్లో పారబోస్తే నేరుగా కేసే. డీజిల్ 2,500 లీటర్లు దాటినా, ఒక్క పీపాలో వెయ్యి లీటర్లు మించినా పెట్రోలియం లైసెన్సు కావాలి. పర్యావరణ చట్టం ఉల్లంఘనకు 2024 ఏప్రిల్ నుంచి పెనాల్టీ పదివేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంది. ఏటిని మునుపటిలా చేయడానికయ్యే ఖర్చు దానికి అదనం.

మీ వాళ్లతో పోట్లాట పెట్టుకోవద్దు, వాళ్లతో కలిసే నడవండి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా తీర కమిటీ ఉంటుంది, అందులో స్థానిక తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురుండాలి. వేట దారి మూసుకుపోతోందని ఆ కమిటీకి అందరూ కలిసి అర్జీ ఇవ్వండి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేసి, మీ సర్వే నంబరు ఏ తరగతిలో ఉంది, ఎవరైనా క్లియరెన్సుకు అర్జీ పెట్టారా అని తీర సంస్థను అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అయినా పని ఆగకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి ఉంది. తవ్వకం మొదలైన నాటి నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి, నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలే.

మీరు సంతకం చేసిన కాగితం గురించి చివరగా. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాలి, కాకపోతే 15 ఏళ్ల లీజుగా అది కోర్టులో నిలవదు. ఈ విషయంలో మీకు ఊపిరాడినట్టే. ఆయన నిజంగా చట్టప్రకారం కట్టాలనుకుంటే కొత్త ఒప్పందం రాసుకోండి. క్లియరెన్సు చేతికొచ్చాకే స్వాధీనం, జరిమానాలన్నీ ఆయనవే, అనుమతి రాకపోతే గట్టును ముందున్నట్టు సరిచేసి ఇవ్వాలి అనే షరతులు అందులో ఉండాలి. ఒప్పుకోకపోతే రెండు లక్షలూ బ్యాంకు ద్వారానే తిరిగిచ్చేసి, ముట్టినట్టు రసీదు, పాత స్టాంపు పేపరు రెండూ ఒకేసారి తీసుకోండి.