రష్యన్ అక్షరాలు: ఇంగ్లిష్ పక్కన పెట్టి, తెలుగు చెవితో వినండి

“మాస్కో వచ్చి వారమైంది, వీధిలో ఒక్క బోర్డూ చదవలేకపోతున్నాను. అక్షరాలు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?” సెప్టెంబరులో చదువుకు వచ్చే మన పిల్లలు నన్ను మొదట అడిగేది ఇదే. ఉన్నవి 33 అక్షరాలు. రోజూ గంటసేపు కూర్చుంటే పది, పదిహేను రోజుల్లో గుర్తుపట్టగలరు. ఎక్కువ కాలం పట్టేది ఉచ్చారణకు. దాన్ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోబోవడం వల్లే మనకు ఆలస్యమవుతోంది.

‘రిస్తరాన్’ అన్న హోటల్ బోర్డును ఇంగ్లిష్‌కు అలవాటుపడ్డ కన్ను ‘పెక్టోపా’ అని చదువుతుంది. అక్కడ పి ఆకారంలో ఉన్నది ర, సి ఆకారంలో ఉన్నది స, చివర హెచ్ లాంటిది న. అలాగే బి ఆకారం వ, వై ఆకారం ఉ. కొత్త ఆకారాలు త్వరగానే వస్తాయి, ఇబ్బందంతా ఈ పాత ముఖాలతోనే. ముందు వీటి సంగతి చూడండి.

ఇక నోటి విషయం. రష్యన్‌లో ట, డ లేవు. ఉన్నవి మన త, ద. మాస్కో నుంచి తెలుగు పుస్తకాలు వేసిన రాదుగ ప్రచురణాలయం పేరు గుర్తుందా? రాదుగ అంటే ఇంద్రధనుస్సు. ఆ ‘ద’ మనం పలికే ‘ద’యే. ‘త్స’ అనే అక్షరం చూసి భయపడేవాళ్లకు నేను ‘చలి, చాప, చుట్టం’ అనమంటాను. వాటిలోని చకారమే అది, ‘చిలక’లోని చకారం కాదు. అయితే మనం ఇ, ఎ ల ముందు దాన్ని పలకం, వాళ్లు పలుకుతారు. సర్కస్‌ను ‘త్సిర్క్’ అంటారు. ‘చలి’ అనబోయి నాలుక అక్కడే ఉంచి ఇకారం కలపండి, వచ్చేస్తుంది.

మనది అజంత భాష కాబట్టి మాట చివర ఉకారం చేర్చేస్తాం. రొట్టె ‘హ్లేబు’ కాదు. చివర బ అని రాసినా ‘హ్లేప్’ అని ఆపేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఊనిక, అంటే మాటలో ఒక అచ్చును మిగతావాటికన్నా నొక్కి పలకడం. వచ్చిన కొత్తలో హాస్టల్ గదికి తాళం కొనడానికి వెళ్లి ‘జామక్’ అన్నాను. దుకాణంలో ఆమె చాలాసేపు నా ముఖం వంక చూసింది. తాళం తిప్పినట్టు చేత్తో చూపించాక, ‘జమోక్, జమోక్’ అని మెల్లగా రెండుసార్లు పలికి తాళం తీసి ఇచ్చింది. ఊనిక మొదటి అచ్చు మీద పెడితే కోట, రెండోదాని మీద పెడితే తాళం. రాతలో ఒకటే. పాఠ్యపుస్తకాల్లో ఊనిక గుర్తు ఉంటుంది గానీ బోర్డుల మీద, పత్రికల్లో ఉండదు. అందుకే కొత్త మాట విన్న ప్రతిసారీ నోటుపుస్తకంలో ఆ అచ్చు మీద గీత పెట్టుకోండి.

పక్కన తెలుగులో రాసుకోవచ్చా అని అడుగుతారు. మొదటి రెండు వారాలూ రాసుకోండి, తర్వాత మానేయండి. పెదవులు ఇకారానికి సాగదీసి, నాలుకను వెనక్కి లాగి పలికే అచ్చు ఒకటుంది. దానికి మన లిపిలో గుర్తు లేదు. ‘ఉండటం’, ‘కొట్టడం’ అనే అర్థాలున్న రెండు రష్యన్ క్రియలకు తేడా ఆ అచ్చే.

చేతిరాత వేరుగా నేర్చుకోవాలి. తరగతిలో పంతులమ్మ బోర్డు మీద రాసే ‘త’ ఇంగ్లిష్ చిన్న ఎమ్ లాగా ఉంటుంది. ఒకటో తరగతి పిల్లలు దిద్దే ‘ప్రోపిసి’ పుస్తకాలు కొని దిద్దండి.

సాధనకు మెట్రోను మించినది లేదు. తలుపులు మూసుకునే ముందు ‘అస్తరోజ్న, ద్వేరి జక్రివాయుత్సా’ అని వినిపిస్తుంది: జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి. ‘అస్తరోజ్న’లో రాతకు నాలుగు ఓకారాలు. మూడోదాని మీద ఊనిక, అదొక్కటే ‘ఓ’గా పలుకుతుంది. వెంటనే రాబోయే స్టేషన్ పేరు చెబుతారు. దిగకుండా గోడ మీద ఆ పేరు వెతికి, విన్నదాన్నీ రాసినదాన్నీ పోల్చి చూడండి. అన్నట్టు, ‘ద్వేరి’ అన్న మాట వినగానే నాకు మన ‘ద్వారం’ వినిపించింది. రెండూ ఒక మూలం నుంచి వచ్చినవే.