ఆదివారం రాత్రి మెసేజ్‌కు జవాబు

బాబూ,

ప్రభువు నామంలో నీకు, అమ్మాయికి, పిల్లలిద్దరికీ వందనాలు.

ఆదివారం రాత్రి పదకొండు దాటాక నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ పొద్దున్నే లేచి చదివాను. "అయ్యగారూ, ఇక నావల్ల కాదు. సంఘాన్ని ఎవరికైనా అప్పజెప్పి హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాను" అన్నావు. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు "బాగానే ఉన్నానండీ" అనేస్తావు, నేను చిన్న ప్రార్థన చేసి పెట్టేస్తాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు ఎన్నింటికి లేచావు? నాకు తెలుసు, నాలుగింటికే లేచి ఉంటావు. ఉదయం ఆరాధన, ప్రభువు బల్ల, మధ్యాహ్నం ఎవరింట్లోనో కృతజ్ఞతా కూటం, సాయంత్రం పక్క ఊళ్లో కూడిక, మధ్యలో బండి మీద తిరుగుడు. ఇంటికొచ్చి చల్లారిపోయిన అన్నం రెండు ముద్దలు తిని ఫోన్ పట్టుకున్నవాడికి సేవ మానేద్దామనే అనిపిస్తుంది. నలభై ఏళ్ల సేవలో నేను మూడుసార్లు రాజీనామా రాశాను. మూడూ ఆదివారం రాత్రి రాసినవే. ఒక్కటి కూడా బుధవారం దాకా నిలవలేదు. కాబట్టి ఇది నా మాటగా పెట్టుకో: ఆదివారం సాయంత్రం నుంచి మంగళవారం పొద్దుటి దాకా సంఘం గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఎవరికీ పెద్ద మెసేజ్‌లు పెట్టొద్దు. నాకు పెట్టు, పర్లేదు.

ఏలీయా ప్రవక్త గురించి నువ్వు ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటావో. కర్మెలు కొండ మీద అంత పెద్ద గెలుపు చూసిన మనిషి, ఆ వెంటనే బదరీ వృక్షం కింద కూర్చుని చావు కావాలన్నాడు. దేవుడు ముందు ఆయనకు బోధ చేయలేదు. పడుకోనిచ్చాడు. దూతను పంపి లేపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపించి తినిపించాడు. హోరేబు కొండ దగ్గర మాటలన్నీ ఆ తర్వాతే. మనం ఈ వరసను తిరగేస్తాం. నిద్ర చాలక ఒళ్లు తూలుతుంటే ఇంకో ఉపవాసం మొదలుపెట్టి, దేవుడు మాట్లాడటం లేదని ఏడుస్తాం. సోమవారం నీకు సెలవని ఆరాధనలో అందరి ముందు చెప్పు. మొదట్లో సణుగుతారు. రెండు నెలల్లో వాళ్లే "సోమవారం అయ్యగారిని లేపొద్దు" అంటారు.

నీ మెసేజ్‌లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ఇంకో మాట. "తొంభై మంది వచ్చేవాళ్లు, ఇప్పుడు ముప్పై ఐదు" అని. బాబూ, ఇది ఫిబ్రవరి. మీ పల్లెలో సగం ఇళ్లకు తాళాలు ఉన్నాయి కదా. పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు. వాళ్లు నిన్ను వదిలేసి పోలేదు, కూలికి పోయారు. ఏ ఊరి చేల దగ్గర దిగారో నీకు తెలుసా? ఒక్కసారైనా బస్సెక్కి వెళ్లి చూశావా? నేను ఒక ఏడాది వెళ్లాను. సాయంత్రం కోత అయ్యాక కళ్లం పక్కన కూర్చున్నాం. ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటుకు అందరం దగ్గుతూనే ఉన్నాం. ఒకామె చేతులు మండుతున్నాయని రెండు చేతులూ నీళ్ల బకెట్లో పెట్టుకుని, అలాగే కూర్చుని కీర్తన ఎత్తుకుంది. హాజరు పుస్తకంలో ఆ నెల ఆమె పేరు ఎదురుగా నేను సున్నాలు పెట్టి ఉన్నాను.

అంతకు చాలా ముందు జరిగింది ఒకటి చెప్పాలి. వానాకాలం, ఒక ఆదివారం ఉదయం కుండపోతగా కురుస్తోంది. ఏడుగురే వచ్చారు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియదు. వారమంతా సిద్ధపడిన వాక్యం పక్కన పెట్టి, పది నిమిషాల్లో ఏదో చెప్పి ఆశీర్వాదం పలికేశాను. గోనె సంచి తలమీద కప్పుకుని రెండు కిలోమీటర్లు నడిచొచ్చిన ఒక ముసలమ్మ, కొంగులో మూటకట్టి తెచ్చిన పిడికెడు బియ్యం బల్ల మీద పోసి, "అయ్యా, మేం ఏడుగురమేనని తొందరగా ముగించేశారా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ బియ్యం ఆమె వారం రోజులు పూటపూటా ఎసట్లో పోసే ముందు పక్కకు తీసినవి. ఆమె వారమంతా సిద్ధపడి వచ్చింది, నేను రాలేదు.

ఆ వారమే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఒక్కో కుటుంబానికి ఒక పేజీ. ఎవరి పిల్లకు పరీక్షలు, ఎవరికి షుగర్ మాత్రలు అయిపోయాయి, ఎవరింట్లో తాగుడు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, చివరిసారి నేను ఎప్పుడు వెళ్లాను. రోజుకు రెండు ఇళ్లు. నిరాశకు నాకు తెలిసిన మందు ఇదొక్కటే. మందిరంలో కూర్చుని రానివాళ్ల గురించి ఆలోచిస్తే గుండె జారిపోతుంది. లేచి వాళ్ల గడపలో కూర్చుంటే చేయాల్సిన పని కనిపిస్తుంది. ఏలీయా కూడా "నేనొక్కడినే మిగిలాను" అన్నాడు. దేవుడి లెక్కలో ఇంకా 7000 మంది ఉన్నారు.

పెద్ద అంకెల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే నువ్వు ఒంగోలు మీటింగుల నుంచి వచ్చినప్పుడల్లా కుంగిపోతావు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2222 మంది బాప్తిస్మం పొందారని అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. నిజమే. కానీ వాళ్లకు బాప్తిస్మం ఇచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని మన తెలుగువాళ్ల మధ్య మొదలైంది 1836లో. ఫలితం ఎంత తక్కువంటే 1853లో అమెరికాలోని పెద్దలు దీన్ని మూసేద్దామా అని చర్చించారు. 1854 జనవరి 1న ఆ మిషనరీలు జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. అప్పటికి చూపించుకోవడానికి వాళ్ల చేతిలో ఏమీ లేదు. ఆ కొండ మీద ప్రార్థనకూ గుండ్లకమ్మకూ మధ్య 24 ఏళ్లు. పైగా ఆ బాప్తిస్మాలకు ముందు వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. కూడు కోసం కలిశారనే మాట రాకూడదని, ఆ కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అంకె పెంచుకోవడానికి అంతకు మించిన అవకాశం ఏముంటుంది? ఎర్రగుంట్ల పేరయ్యలాంటి మనవాళ్లు ఊరూరా చుట్టాల ఇళ్లకు నడిచి వెళ్లి చెప్పి ఉండకపోతే ఆ రోజు నది ఒడ్డున అంతమంది ఉండేవాళ్లు కాదు. నువ్వు ఆ 2222తో కాదు, ఆ కాలినడకతో నిన్ను పోల్చుకో.

ఫోన్ గురించి క్లుప్తంగా చెబుతాను. పొద్దున లేవగానే ఇతర సేవకుల లైవ్‌లు, వాటికి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూడటం మానెయ్. తొమ్మిదింటి దాకా ఫోన్ అమ్మాయి దగ్గర ఉంచు. వాక్యభాగం మంగళవారమే ఎంచుకో. శనివారం రాత్రి టెన్షన్‌లో వెతికితే ఇతరుల ప్రసంగమే నోట్లోకి వస్తుంది.

కానుకల మీద ఎవరో అనుమానంగా మాట్లాడుతున్నారని రాశావు. ఇది నాకూ జరిగింది. ఒకాయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు. లెక్క సరిగ్గానే ఉంది. నేను ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడాల్సింది. అలా చేయకుండా తర్వాతి ఆదివారం ప్రసంగంలో, పేరు చెప్పకుండా, ఆయన్నే వాయించాను. అందరికీ అర్థమైంది. ఆయన భార్య ముసుగు ముందుకు లాక్కుని తలదించుకుని కూర్చున్న తీరు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఆ కుటుంబం మళ్లీ మందిరానికి రాలేదు. నువ్వు ఆ పని చెయ్యకు. కానుకలు నువ్వు ముట్టుకోకు. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి సంతకాలు చేసి గోడ మీద అంటించనీ. అనుమానం వచ్చినాయన్నే ఆ ఇద్దరిలో ఒకరిగా పెట్టు.

ఇంకొకటి. సంఘంలో ఎవరికీ చెప్పుకోలేనివి చెప్పుకోవడానికి నీ వయసు సేవకుడు ఒకడు కావాలి. వేరే డినామినేషన్ అయితే మరీ మంచిది, పోటీ ఉండదు. నెలకోసారి టీ తాగండి, ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకోండి. అమ్మాయి మీద అన్నీ వేయకు. ఆమెకు పాస్టరమ్మ అనే బరువు ఇప్పటికే ఉంది.

రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, తినబుద్ధి కాకపోయినా డాక్టర్ దగ్గరకు వెళ్లు. విశ్వాసం తక్కువై వచ్చిందని సిగ్గుపడకు, షుగర్‌కు మందు వేసుకుంటే ఎవరూ అలా అనరు. చచ్చిపోతే బాగుండనిపిస్తే మాత్రం ఎంత రాత్రైనా నన్ను లేపు. 14416కు కూడా చేయొచ్చు, అది ప్రభుత్వం వాళ్ల టెలి మానస్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే మంగళవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఒక నోట్‌బుక్ కొని ఉంచు. పొద్దున రెండు ఇళ్లు, సాయంత్రం రెండు ఇళ్లు తిరుగుదాం. తాళాలు వేసిన ఇళ్లవాళ్ల ఫోన్ నెంబర్లు పక్కింటివాళ్లను అడిగి రాసి పెట్టు, మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కరికీ చేద్దాం. అమ్మాయికి హడావిడి పెట్టొద్దు, పప్పుచారు చాలు.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్న
అయ్యగారు