శాంటియాగోనా, సాంతియాగోనా?

సందేహం: చిలీ రాజధానిని కొందరు శాంటియాగో అనీ, కొందరు సాంతియాగో అనీ రాస్తున్నారు. ఫుట్‌బాల్ వార్తల్లో అదే పేరు మనిషికీ కనిపిస్తోంది. ఏది సరైనది? మనిషికి ఒకలా, ఊరికి ఒకలా రాయాలా?

సమాధానం: అక్కర్లేదు. రెండింటికీ సాంతియాగో అనే రాయండి. శాంటియాగో వాడుకలో పాతుకుపోయింది కాబట్టి దాన్ని తప్పని కొట్టేయలేం. అయినా కొత్తగా రాసేవాళ్ళు సాంతియాగోను ఎంచుకుంటే సంతోషిస్తాను.

స్పానిష్‌వాళ్ళు అక్కడ పలికేది అచ్చం మన తకారమే, నాలుక కొస పళ్ళకు తగులుతుంది. ఇంగ్లీషులో నాలుక కాస్త వెనక్కి జరుగుతుంది, మన చెవికది టకారంలా వినిపిస్తుంది. ఈ పేర్లన్నీ మనకు ఇంగ్లీషు మీదుగా రావడంతో టకారం వచ్చి చేరింది. పూర్వం ఇలా లేదు. స్పానిష్‌కి దగ్గరి చుట్టమైన పోర్చుగీసు నుంచి మనవాళ్ళు చెవితో విని తెచ్చుకున్న మాటలు తువ్వాలు, బొత్తాం, మేస్త్రీ. వాటి ఇంగ్లీషు జ్ఞాతులు తర్వాత వచ్చి టవల్, బటన్, మాస్టర్ అయ్యాయి. చొక్కా బొత్తాం ఊడిందంటాం, లిఫ్ట్ బటన్ నొక్కమంటాం. ఇంత చక్కటి తకారం మన దగ్గరుండగా టకారాన్ని అరువు తెచ్చుకోవడం ఎందుకు? మొదటి అక్షరమూ అంతే, స్పానిష్‌లో అది సకారమే.

ఇక మనిషి, ఊరు సంగతి. ‘సాంత్’ అంటే పరిశుద్ధుడు, ‘యాగో’ అంటే మన తెలుగు బైబిల్లోని యాకోబు. క్రీస్తు శిష్యుడైన ఆ యాకోబు సమాధి స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపొస్తేలాలో ఉందని నమ్మకం. యాత్రికులు వందల కిలోమీటర్లు నడిచి అక్కడికి చేరతారు. 1541లో పేద్రో దె వల్దీవియా చిలీలో నగరం స్థాపించి ఆ పేరే పెట్టాడు. క్యూబాలోనూ ఒక సాంతియాగో ఉంది. నాడీకణాల మీద పరిశోధనకు 1906లో నోబెల్ అందుకున్న రమోన్ ఇ కహాల్ పేరూ సాంతియాగోనే. మన దగ్గర శ్రీశైలం, సింహాచలం, యాదగిరి అని క్షేత్రం పేరు మనుషులకు పెట్టుకుంటాం. అక్కడ మనిషి పేరే ముందు, ఊరు తర్వాత.

వాక్యంలో గందరగోళమేమీ రాదు. ‘సాంతియాగో వచ్చాడు’ అంటే మనిషి, ‘సాంతియాగో వచ్చింది, దిగండి’ అంటే ఊరు. ‘సాంతియాగోలో’ అంటే దాదాపు ఎప్పుడూ ఊరే. చిక్కల్లా ‘కి’తోనే. ‘సాంతియాగోకి పంపాను’ అంటే రెండూ కావచ్చు, అలాంటిచోట నగరం అనో, గారు అనో చేర్చండి.

మీరు ఫుట్‌బాల్ వార్తల్లో చూసింది బహుశా సాంతియాగో బెర్నబేవు. ఆయన రియల్ మాడ్రిడ్ ఆటగాడు, తర్వాత ఆ క్లబ్ అధ్యక్షుడు. ఆయన బతికుండగానే, 1955లో, క్లబ్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ‘బెర్నబేవు చూశాను’ అంటే స్టేడియం చూసినట్టు. ‘బెర్నబేవుని చూశాను’ అంటే ముందు మనిషే గుర్తొస్తాడు. ఆయన 1978లో చనిపోయాడు కాబట్టి, ఇవాళ్టి మ్యాచ్ వార్త రాసేటప్పుడు ఆ ‘ని’ తీసేయడమే మంచిది.