అమ్మ చీరలతో బొంత

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బీరువా తెరిస్తే చాలు ఏడుపొస్తోందని, అమ్మ చీరలు ఎవరికైనా ఇచ్చెయ్యాలో దాచుకోవాలో తోచట్లేదని ఫోన్లో అన్నావు. రెండూ వద్దు. బొంత కుట్టు.

పట్టుచీరల జోలికి పోకు. అవి పెళ్ళిళ్ళకు కట్టినవి, వాటిలో మీ అమ్మ తక్కువ. వంటింట్లో కట్టీ కట్టీ మెత్తబడ్డ నూలు చీరలు తియ్యి. గంజి పోయేలా ఒకసారి ఉతుకు. జరీ అంచుంటే కత్తిరించెయ్యి, ఒంటికి గుచ్చుకుంటుంది. 5.5 మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే మనిషికి సరిపడా ఆరడుగుల పొడవు వస్తుంది. రెండు చీరలంటే ఆరు పొరలు. అంతకు మించితే సూది దిగదు, వేళ్ళు పుండ్లవుతాయి. చాప మీద పరిచి, ముడతలు సవరించి, ముందు పెద్ద పెద్ద టాకాలు వెయ్యి. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి వరసలు కుట్టుకుంటూ రా. వంకరపోతే పోనీ, విప్పకు.

మొదట్లో ఏడుస్తావు. ఏడువు. ఊరికే కూర్చుని ఏడిస్తే ఆ ఏడుపుకు అంతుండదు. సూది పట్టుకుని ఏడిస్తే కళ్ళు తుడుచుకోక తప్పదు, లేకపోతే కుట్టు కనపడదు. మీ పెదనాన్న పోయినప్పుడు ఆయన పంచెలతో కుట్టాను కాబట్టి చెబుతున్నాను. వరస పూర్తయ్యేసరికి మనసు కాస్త తేలికపడుతుంది, మర్నాడు మళ్ళీ బరువెక్కుతుంది. అయినా మర్నాడు కుట్టడానికి ఇంకో వరస ఉంటుంది. అందుకే మిషన్ వద్దంటున్నాను.

పసుపు మరకలు, పోపు చిట్లి పడ్డ చిల్లులు కనిపిస్తాయి. వాటి మీద వేరే రంగు గుడ్డ అతుకు వెయ్యి. ఏ మరక ఏ రోజుదో నీకు గుర్తుకొస్తుంది, అప్పుడు పక్కన చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి. మీ అత్తగారిని పిలువు. మా ఊళ్ళో మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురు ఆడవాళ్ళు ఒకే బొంతకు తలో వైపు కూర్చునేవాళ్ళు. ముఖం చూసి చెప్పలేని మాటలు తల వంచుకుని కుడుతుంటే వాటంతటవే బయటికొస్తాయి. కోడళ్ళ కష్టాలు సగం అక్కడే తెలిసేవి. మీ అత్తగారికీ నీతో చెప్పుకోవాల్సినవి ఉండే ఉంటాయి, ఎప్పుడైనా అడిగావా? (బెంగాల్లో కాంతా అనే ఇలాంటి బొంతలు కుట్టేవాళ్ళు పాత చీర అంచుల్లోంచే దారాలు లాగి వాడేవారట. నీకు అంత ఓపిక లేదులే, దారం కొనుక్కో.)

అయ్యాక అపురూపంగా పెట్టెలో పెట్టకు. పిల్లాడికి కప్పు, వాడు పాలు ఒలకబోస్తే ఉతుకు. మళ్ళీ చిరిగితే దాని మీదే ఇంకో చీర వేసి కుట్టొచ్చు.

ఆ ఆకుపచ్చ మంగళగిరి చీరకు మాత్రం కత్తెర పెట్టకు. అది నేను కొనిపెట్టిందే, నాకు పంపించు.

మీ పెద్దమ్మ