చెరువు దగ్గర చూసిన ఎర్ర తూనీగ పేరు రంగును బట్టి చెప్పొచ్చా?

చెరువు గట్టు మీద ఎర్ర తూనీగ కనిపించింది, పేరేంటి అని ఫొటో పెట్టి అడిగారు. రంగొక్కటే నమ్ముకుంటే నాలాగే బోల్తా పడతారు.

నేను కొత్తగా మొదలుపెట్టినప్పుడు మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో మూడు రకాలున్నాయని నోట్‌బుక్‌లో గర్వంగా రాసుకున్నా. ఒకటి పసుపుపచ్చగా, నల్ల మచ్చలతో, ఒకటి నీలం, ఇంకోటి అటూ ఇటూ కానిది. చాన్నాళ్లకు తెలిసింది, మూడూ గ్రౌండ్ స్కిమ్మర్ అనే ఒకే రకం తూనీగలే. ఆడదీ, లేత మగదీ పసుపుపచ్చగానే ఉంటాయి. మగది ముదిరేకొద్దీ ఒంటికి విబూది పూసుకున్నట్టు నీలి పొడి కమ్ముతుంది. ఆ మూడోది సగం విబూది పెట్టుకున్న కుర్రాడన్నమాట!

ఇక మీ ఎర్రది. మన చెరువుల దగ్గర ఎక్కువగా తికమక పెట్టే ఎర్ర మగవి మూడు. ఒళ్లంతా నెత్తురు ఎరుపుగా ఉండి, పొట్ట మీద నిలువునా సన్నటి నల్లగీత ఉంటే స్కార్లెట్ స్కిమ్మర్. (చిన్నప్పుడు మనం దారం కట్టి ఎగరేసిన ‘తోక’ నిజానికి దాని పొట్టే, పాపం.) ఎరుపులో గులాబీ ఛాయ కలిసి, రెక్కల ఈనెలు కూడా ఎర్రబడి ఉంటే క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్. రెక్కల్లో సగానికి పైగా నారింజ రంగు పరుచుకుంటే డిచ్ జూయెల్. మురుగు కలిసిన నీళ్ల దగ్గర చూశారంటే నేనైతే ముందు దీన్నే అనుమానిస్తా.

వీటిలో ఆడవి పసుపు, గోధుమ ఛాయల్లో ఉంటాయి. వాటితో నాకిప్పటికీ తిప్పలే. జతకట్టి ఎగురుతున్నప్పుడు దొరికితే మగదాన్ని బట్టి ఆడదాని పేరు రాసుకుంటా.

ఎక్కడ వాలిందో కూడా గమనించండి. గ్రానైట్ ఘోస్ట్ అనే తూనీగ బండల మీదా, నీళ్లతొట్టి గోడల మీదా వాలితే లేచేదాకా కంటికి ఆనదు. వానలయ్యాక గుంపులుగా తలమీద తిరుగుతూ ఓ పట్టాన వాలనివి చాలామటుకు వాండరింగ్ గ్లైడర్లు.

మీ ఫొటో వెనకనుంచి తీసింది, రెక్కల మొదలు మసకగా ఉంది. ఈసారి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి. ఎగిరిపోయిందని వెంటపడకండి, కదలకుండా కూర్చోండి. స్కిమ్మర్లు చాలాసార్లు తిరిగి అదే పుల్ల మీదికి వస్తాయి. ఆ రెండు ఫొటోలూ పెడితే పేరు చెప్పడానికి ప్రయత్నిస్తా.