"ఏ పురుగండీ?" అని డాక్టరు అడిగితే నా దగ్గర జవాబు లేదు

మీ నాన్నగారికి 68 ఏళ్లు, రాత్రి పలుమార్లు మూత్రానికి లేస్తున్నారు, ప్రొస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపుకు పురుగులే కారణమని ఎవరో చెబితే నులిపురుగుల మందు ఆల్బెండజోల్ వేయవచ్చా అని అడిగారు. వద్దు బాబూ. మూడేళ్ల క్రితం, నా 68వ ఏట, నేనూ అదే పని చేశాను.

విజయవాడ సత్యనారాయణపురంలో పొద్దున్నే నాతో నడకకు వచ్చే ఒక పెద్దాయన ఫోనులో అదే మాట చెప్పే వీడియో చూపించాడు. మందుల దుకాణంలో చీటీ కూడా అడగలేదు. మూడు రోజులు మింగాను. ఏమీ తగ్గలేదు. మందు నెమ్మదిగా పనిచేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ రెండు నెలలు గడిపేశాను.

తర్వాత గుంటూరులో మా అమ్మాయి ఇంట్లో ఉండగా జలుబు చేసి, ఇంట్లో ఉన్న జలుబు మాత్ర ఒకటి వేసుకున్నాను. తెల్లవారేసరికి చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగిసింది. అల్లుడి స్కూటరు మీద కొత్తపేటలోని ఆసుపత్రికి చేరేలోపు దారిలోని ప్రతి గతుకూ నాకు తెలిసింది. గొట్టం వేయగానే లీటరు దాకా వచ్చింది. ప్రొస్టేట్ పెరిగినవాళ్లకు కొన్ని జలుబు మందులు మూత్రాశయం మెడను బిగించేస్తాయట.

పురుగుల మందు సంగతి చెప్పినప్పుడే యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టరు) "ఏ పురుగండీ?" అని అడిగారు. ఆల్బెండజోల్ ముఖ్యంగా పేగుల్లోని నులిపురుగులకు. అవి ప్రొస్టేట్‌ను పెంచవు. మన కోస్తాలో అందరూ ఎరిగిన ఫైలేరియా పురుగు శోషరస నాళాల్లో ఉండి బోదకాలు, బుడ్డ తెస్తుంది. ఆఫ్రికాలో మంచినీటి చెరువులు, కాలువల ద్వారా సోకే షిస్టోసోమా మూత్రాశయాన్ని పాడుచేస్తుంది. మీ నాన్నగారు అక్కడ ఉద్యోగం చేసి ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి. ప్రొస్టేట్‌లో నిజంగా చేరగలిగేది ట్రైకోమోనాస్. అది పురుగు కాదు, ఏకకణ జీవి. లైంగికంగా సోకుతుంది, మగవారిలో చాలామందికి లక్షణాలే ఉండవు. దానికి వాడేది మెట్రోనిడజోల్, అదీ భార్యాభర్తలిద్దరికీ. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉండవచ్చని 2006, 2009లో అమెరికాలో వచ్చిన పరిశోధనలు అన్నాయి; మరికొన్నింటిలో ఆ సంబంధం కనిపించలేదు. ఆ వీడియో ఈ ముక్కనే పట్టుకుని సాగదీసి ఉంటుంది. ఈ వయసులో గ్రంథి పెరగడానికి మామూలు కారణం వయసు, హార్మోన్లు.

ఇంకొక్కటి. గొట్టం వేసిన వారంలోనే ఎవరో తొందరపెడితే పీఎస్‌ఏ, అంటే ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్తపరీక్ష, చేయించాం. 14 వచ్చింది, ఎక్కువే. క్యాన్సరేమోనని ఇల్లంతా ఏడుపు. మూత్రం ఆగిపోయినా, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుందట. ఆరు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే 3.1. అందుకే ముందు మూత్ర పరీక్ష, కల్చర్ (మూత్రంలో ఏ సూక్ష్మజీవి ఉందో చూసేది), మూత్రం పోసాక లోపల ఎంత మిగులుతోందో చూసే స్కాన్ చేయించండి; పీఎస్‌ఏ ఎప్పుడో డాక్టరునే చెప్పమనండి. ప్రొస్టేట్‌ను కుదించే ఫినాస్టరైడ్ మాత్ర వాడుతుంటే ఆ అంకె దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది, కాబట్టి ఆ మాట దాచవద్దు. నాకు మూత్రం సాఫీగా వచ్చేలా చేసే టామ్సులోసిన్ మాత్ర సరిపోయింది, మొదటి వారం మంచం దిగేటప్పుడు కాస్త తల తిరిగింది. మూత్రంలో రక్తం, చలిజ్వరం, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారని డాక్టరు అడిగితే నేను "రెండుసార్లు" అన్నాను. పక్కనే కూర్చున్న మా ఆవిడ "ఐదు" అంది.