అమెరికాలో టీవీ పెట్టుకునే ముందు: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చే వాళ్ళకు

కావలి నుంచో కందుకూరు నుంచో అమ్మానాన్నలు ఆరునెలలు ఉండిపోదామని వచ్చిన మొదటి వారంలోనే మూడు సందేహాలు మొదలవుతాయి. ఊళ్ళో ఉన్న డిష్, బాక్స్ తెచ్చుకుంటే పనిచేస్తాయా? నాన్న ఫోన్లో మ్యాచ్ ఎందుకు రావటం లేదు? కేబుల్ బిల్లు చెప్పిన రేటుకన్నా ఎక్కువ ఎందుకొచ్చింది? ఈ మూడింటికీ మూలం ఒక్కటే. ఇక్కడ మీ తెర మీద ఏం రావాలన్నది మీ ఇంటి అడ్రసును బట్టి, ఆ అడ్రసుకు చూపించే హక్కు ఎవరు కొన్నారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ సంగతి తెలియకుండానే మనవాళ్ళు చాలామంది దిగిన వారానికే పెద్ద ప్యాకేజీకి సంతకం పెట్టేస్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

బాక్స్ సంగతి ముందు. సూట్‌కేసులో దానికి చోటు పెట్టకండి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది, టెక్సాస్‌లోని డాలస్ ఉన్నది దాదాపు 97 డిగ్రీల పడమర. భూగోళానికి అది అవతలి వైపు, కాబట్టి డిష్ ఎటు తిప్పినా ఆ ఉపగ్రహం దిక్కుకే రాదు. టాటా ప్లే, సన్ డైరెక్ట్ లాంటివీ మన దేశం మీదికి గురిపెట్టినవే. అక్కడ కొన్న టీవీ కూడా వద్దు. కరెంటు 120 వోల్టులన్నది ఒక ఇబ్బంది, అందులోని ట్యూనర్ ఇక్కడి గాలి సిగ్నల్‌ను చదవలేకపోవటం అంతకన్నా పెద్ద ఇబ్బంది.

ఇక ఇక్కడి పద్ధతి. మన దగ్గర స్టార్ మా గానీ ఈటీవీ గానీ ఒకే ఫీడ్. ఉపగ్రహం నుంచి దిగి, కేబుల్ ఆయన తీగలోంచి నెల్లూరు మాగుంట లేఅవుట్‌కూ ఒంగోలుకూ ఒకేలా వస్తుంది. అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ అనే నాలుగు పెద్ద నెట్‌వర్కులు అలా నేరుగా ఇంటికి రావు. నెట్‌వర్కు సోమశిల రిజర్వాయరైతే, మీ ఊరి స్టేషను కావలి కాలువ లాంటిది. నీళ్ళు అక్కడివే, మీ పొలానికి పారించేది మాత్రం కాలువ. కొన్ని స్టేషన్లు నెట్‌వర్కు సొంతానివి. డాలస్‌లో ఫాక్స్ 4, సీబీఎస్ 11 అలాంటివే. మిగతావాటిని వేరే కంపెనీలు నడుపుతూ, ఒప్పందం మీద నెట్‌వర్కు కార్యక్రమాలు వేసుకుంటాయి. వీటిని అఫిలియేట్లు అంటారు. డాలస్‌లో ఏబీసీ వచ్చే ఛానల్ 8 ఈ రకం. పొద్దున, సాయంత్రం లోకల్ వార్తలు స్టేషనువి, రాత్రి ప్రైమ్‌టైమ్ నెట్‌వర్కుది. ప్రైమ్‌టైమ్ తూర్పు వైపు 8 గంటలకు, టెక్సాస్ లాంటి సెంట్రల్ టైములో 7 గంటలకు మొదలవుతుంది.

ఎవరు ఏ ఛానల్ చూస్తున్నారో లెక్కలు తీసే నీల్సన్ సంస్థ అమెరికాను 210 టీవీ మార్కెట్లుగా విడగొట్టింది. మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఏ మార్కెట్లో పడితే ఆ స్టేషన్లే మీకు లోకల్. ఇల్లు మారి పక్క మార్కెట్లోకి వెళితే, నెట్ ద్వారా టీవీ చూపించే యాప్‌లో లోకల్ ఛానళ్ళు కూడా మారిపోతాయి. అది యాప్ చెడిపోవటం కాదు, హోమ్ ఏరియా మార్చుకోమని అర్థం.

ఈ స్టేషన్లన్నీ గాల్లో ఉచితంగా వస్తున్నాయి. కాబట్టి మొదట కొనాల్సింది యాంటెనా. ఇరవై ముప్ఫై డాలర్లకు పలకలాంటి ఇండోర్ యాంటెనా దొరుకుతుంది. డబ్బా మీద 150 మైళ్ళు, 200 మైళ్ళు అని రాసి ఉంటే నమ్మకండి. భూమి వంపు వల్ల ఇంటి కప్పు మీద పెట్టిన పెద్ద యాంటెనాకే 60, 70 మైళ్ళు దాటటం కష్టం. కొనేముందు ఎఫ్‌సీసీ (ప్రసారాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళ డీటీవీ మ్యాప్స్ పేజీలోగానీ రాబిట్‌ఇయర్స్ సైటులోగానీ అడ్రసు కొట్టండి. టవర్లు ఎటు ఉన్నాయో, ఎంత దూరమో, ఒక్కో స్టేషను ఏ అసలు ఛానల్ మీద వస్తుందో చూపిస్తుంది. ఈ ఆఖరిది చాలా ముఖ్యం. తెర మీద కనపడే 8.1, 5.1 అంకెలు పేరుకే, గాల్లో అసలు ఛానల్ వేరే ఉండొచ్చు. 2 నుంచి 13 దాకా వీహెచ్‌ఎఫ్, 14 నుంచి 36 దాకా యూహెచ్‌ఎఫ్. డాలస్‌లో చాలా స్టేషన్లు యూహెచ్‌ఎఫ్‌లో ఉంటే, ఏబీసీ మాత్రం నిజంగానే వీహెచ్‌ఎఫ్ 8 మీద ఉంది. చిన్న పలక యాంటెనాలు ఎక్కువగా యూహెచ్‌ఎఫ్‌కు సరిపోయేలా చేసినవి. అందుకే "అన్నీ వస్తున్నాయి, ఏబీసీ ఒక్కటే రావట్లేదు" అనే మాట అక్కడ ఇంటింటా వినపడుతుంది. రెండు పొడుగు కడ్డీలున్న పాతకాలపు రకం యాంటెనా ఆ ఒక్క ఛానల్‌ను పలకకన్నా బాగా పట్టుకుంటుంది.

డాలస్ స్టేషన్ల టవర్లు సెడార్ హిల్‌లో ఉన్నాయి, ఊరికి నైరుతిలో. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇల్లు తీసుకున్నవాళ్ళు యాంటెనాను దక్షిణపు కిటికీలో పెట్టాలి. ఉత్తరపు బెడ్‌రూములో పెట్టి రావట్లేదంటే లాభం లేదు. కొత్త ఇళ్ళలో ఎండ ఆపటానికి కిటికీ అద్దాలకు లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌నూ ఆపేస్తుంది. ఆ అద్దం మీద అంటించే కంటే పక్క గోడకు పెడితేనే మేలు. వైరును టీవీ వెనక యాంటెనా అని రాసిన గుండ్రటి మరలో బిగించండి. సెట్టింగ్స్‌లో కేబుల్ అని ఉంటే ఎయిర్ అని మార్చి, ఛానల్ స్కాన్ కొట్టండి. తక్కువ వచ్చాయా, యాంటెనాను ఒక అడుగు జరిపి మళ్ళీ స్కాన్ చెయ్యండి. పాత రోజుల్లోలాగా బొమ్మలో చుక్కలు పెరగటం ఉండదు. డిజిటల్ సిగ్నల్ బాగుంటే అద్దంలా ఉంటుంది, కాస్త తగ్గితే గళ్ళు గళ్ళుగా చెదిరి మాట తెగిపోతుంది. అందుకని టీవీ మెనూలో సిగ్నల్ స్ట్రెంత్ చూస్తూ జరపాలి. టవర్ దగ్గర్లోనే ఉంటే సిగ్నల్ పెంచే యాంప్లిఫైయర్ పెట్టకండి, ట్యూనర్ తట్టుకోలేక వచ్చేవి కూడా పోతాయి. రెండు టీవీలకు స్ప్లిటర్ పెడితే ఒక్కోదానికి సగం కన్నా తక్కువ సిగ్నల్ వెళుతుంది. అంచున ఉన్న ఛానల్ అప్పుడే పోయేది.

అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు బాల్కనీలో యాంటెనా పెట్టకూడదంటే ఊరుకోనక్కర్లేదు. 1996 నాటి ఎఫ్‌సీసీ నిబంధన ఉంది, 1999లో దాన్ని అద్దెవాళ్ళకూ వర్తింపజేశారు. మీ ఒక్కరికే వాడుకకు ఉన్న బాల్కనీలో, గోడకు బొక్కలు పెట్టకుండా, స్టాండు మీద నిలబెట్టుకోవచ్చు. అందరూ వాడే టెర్రస్ మీద మాత్రం ఆ హక్కు లేదు.

బిల్లు సంగతికొద్దాం. 1992 కేబుల్ చట్టం ప్రకారం ప్రతి స్టేషనూ మూడేళ్ళకోసారి రెండింట్లో ఒకటి ఎంచుకుంటుంది. కేబుల్ కంపెనీతో, నన్ను తప్పనిసరిగా చూపించు, డబ్బులొద్దు అనొచ్చు. లేదా నా అనుమతి కావాలి, దానికి డబ్బు కట్టు అనొచ్చు. పెద్ద నెట్‌వర్కు స్టేషన్లు రెండోదే ఎంచుకుంటాయి. ఆ డబ్బే మీ బిల్లులో "బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు" పేరుతో వస్తుంది, దాని కింద "రీజినల్ స్పోర్ట్స్ ఫీజు" ఉంటుంది. ప్రకటనలోని రేటులో ఇవి కలపకుండా చెప్పటం ఎంతోకాలం నడిచింది. కేబుల్, శాటిలైట్ కంపెనీలు ప్రకటనలోనూ బిల్లులోనూ మొత్తం ఒకే అంకెగా చెప్పాలని 2024లో ఎఫ్‌సీసీ నిబంధన తెచ్చింది. చేరేముందు "ఆల్-ఇన్ ధర ఎంత, ప్రమోషన్ అయిపోయాక ఎంత" అని రెండూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

బేరం తెగకపోతే ఛానల్ పోతుంది. 2025 అక్టోబరు 30న, కేబుల్ ఛానళ్ళను నెట్ ద్వారా ఇచ్చే యూట్యూబ్ టీవీలో డిస్నీ ఛానళ్ళన్నీ పోయాయి, ఏబీసీ, ఈఎస్‌పీఎన్‌తో సహా. నవంబరు 14న రాజీ కుదిరింది. నెలకు 82.99 డాలర్లు కడుతున్న వాళ్ళకు ఆ రెండు వారాలు ఏబీసీ లేదు. బాల్కనీలో యాంటెనా ఉన్నవాళ్ళకు 8.1లో అది ఎప్పట్లాగే వచ్చింది. పెద్ద ప్యాకేజీ ఉన్నా యాంటెనా ఒకటి ఉండాలని గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆఫీసులో అందరూ మాట్లాడుకునే అమెరికన్ ఫుట్‌బాల్‌కు కూడా చాలావరకు యాంటెనా చాలు. ఆదివారం మధ్యాహ్నం ఆటలు సీబీఎస్, ఫాక్స్‌లో, రాత్రిది ఎన్‌బీసీలో. గురువారం రాత్రిది 2022 నుంచి అమెజాన్ ప్రైమ్‌లో వస్తుంది, అయితే ఆడే రెండు జట్ల సొంత ఊళ్ళలో అది లోకల్ స్టేషనులోనూ వేస్తారు. డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ ఆటల్లో చాలావాటిని 2024-25 సీజను నుంచి ఛానల్ 29లో ఉచితంగా వేస్తున్నారు. వేరే ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆటలు ప్రతివారం కావాలంటేనే సండే టికెట్ అనే విడి చందా అవసరం.

ఇప్పుడు క్రికెట్. "ఏందబ్బయా, నెల్లూర్లో ఫోన్లో వచ్చేది ఇక్కడ రాదేంది?" అని నాన్న అడిగితే చెప్పాల్సింది ఇది. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి, కానీ ఒకే ముక్కగా కాదు. మన దేశంలో టీవీ హక్కులు స్టార్‌కు 23,575 కోట్లకు వెళ్ళాయి. దేశంలో డిజిటల్ హక్కులు వయాకామ్18 కొన్నది. తర్వాత ఆ రెండూ కలిసి జియోస్టార్ అనే సంస్థ అయింది, దాని యాప్ జియోహాట్‌స్టార్. విదేశాలను మళ్ళీ ప్రాంతాలుగా కోసి అమ్మారు. అమెరికా వాటా టైమ్స్ ఇంటర్నెట్‌కు దక్కింది, అందుకే ఇక్కడ ఐపీఎల్ చూడాలంటే వాళ్ళ క్రికెట్ ఛానల్ విల్లో. చందా కట్టిన ఫోనైనా, ఒంగోలు నంబరైనా, ఇక్కడి వైఫైకి తగలగానే యాప్ ఐపీ అడ్రసు (మీ నెట్ ఏ దేశానిదో చెప్పే నంబరు) చూసి ఆపేస్తుంది. మన దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టి చూద్దామనుకుంటే మ్యాచ్ మధ్యలో తెగటం, ఖాతా ఆగటం జరుగుతుంటాయి, యాప్ నిబంధనలకూ అది విరుద్ధం. ప్రపంచకప్ ఐసీసీ హక్కు, యాషెస్ ఆయా దేశాల బోర్డుల హక్కు, కాబట్టి ఒక్కో సిరీస్‌కూ ఎవరు కొన్నారో విడిగా చూసుకోవాలి. రాత్రి 7:30 ఐపీఎల్ మ్యాచ్ టెక్సాస్‌లో ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 3:30ది తెల్లవారుజాము 5 గంటలకు.

అమ్మ సీరియల్ కోసం ముందు ఛానల్ ఏ గ్రూపుదో చూడండి. జెమినీ సన్ గ్రూపుది, స్టార్ మా జియోస్టార్‌ది, జీ తెలుగు జీ వాళ్ళది, ఈటీవీ రామోజీ గ్రూపుది. అన్నీ ఒకే యాప్‌లో దొరకాలని లేదు. స్లింగ్, యప్ టీవీ లాంటివి కొన్నిటిని కలిపి తెలుగు ప్యాక్‌గా ఇస్తాయి. ఆ జాబితా ఒప్పందాలను బట్టి మారుతుంది, అందువల్ల అమ్మ చూసే రెండు మూడు ఛానళ్ళ పేర్లు రాసుకుని, ఆరోజు జాబితాలో ఉన్నాయో లేదో చూశాకే కట్టండి. ఆదివారం ఊళ్ళో వేసే కొత్త సినిమా ఇక్కడి ఫీడ్‌లో రాకపోవచ్చు. ఒక సినిమాకు దేశంలో శాటిలైట్ హక్కు ఒకరిది, ఓవర్సీస్‌ది ఇంకొకరిది అయి ఉంటుంది. సాయంత్రం 7 గంటల సీరియల్ లైవ్‌గా చూస్తే టెక్సాస్‌లో ఎండాకాలం ఉదయం 8:30కి, నవంబరులో గడియారం వెనక్కి తిప్పాక 7:30కి వస్తుంది. క్యాచప్, అంటే అయిపోయిన ఎపిసోడును తర్వాత చూసుకునే వీలు, ఉన్న ప్యాక్ తీసుకుంటే ఈ గొడవ లేదు.

ఒకసారి కడితే ఏళ్ళతరబడి వెయ్యి ఛానళ్ళు అంటూ అమ్మే బాక్సుల జోలికి వెళ్ళకండి. హక్కులు లేకుండా సిగ్నల్ ఎత్తుకునేవి అవి. ఒకరోజు సర్వర్ ఆగిపోతే డబ్బు తిరిగిరాదు, కార్డు నంబరు ఎవరి చేతిలో పడిందో కూడా తెలియదు.

అమ్మానాన్నలు ఉండేది ఆరునెలలే కాబట్టి తెలుగు ప్యాకైనా విల్లో అయినా నెలవారీగానే తీసుకోండి. ఏడాది ప్లాన్ నెలకు చవకగా కనపడుతుంది గానీ మధ్యలో మానేస్తే మిగతా డబ్బు చాలాచోట్ల వెనక్కి ఇవ్వరు. ఐపీఎల్ మార్చి ఆఖర్లో మొదలై మే ఆఖరుకో జూన్ మొదటికో ముగుస్తుంది, ఆ రెండు మూడు నెలలకే విల్లో పెట్టుకుని, ఫైనల్ మర్నాడే ఆటో రెన్యూవల్ ఆపేయండి. క్యాన్సిల్ చేసినట్టు వచ్చే ఈమెయిల్‌ను మాత్రం దాచుకోండి.